ఎర్ర దారం కట్టిన సీసా

ఆ సినిమా చూశాను, ఆ పుస్తకం చదవలేదు. నేను చేసిన తప్పును ఒక్క ముక్కలో చెప్పమంటే ఇంతే. కానీ ఒక్క ముక్కలో చెబితే అది చిన్న తప్పులా వినిపిస్తుంది. అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

నా ఉద్యోగమే అనుమానించడం. రొయ్యలు కొనే ఒక కంపెనీ తరఫున వాకాడు వైపు గుంటల మీదికి వెళ్లి సరుకు చూసి రావాలి. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చెప్పే లెక్కను మేము కౌంట్ అంటాం. రొయ్య పెద్దదైతే కౌంట్ తగ్గుతుంది. గుంట రైతు తెలివైనవాడైతే మేము రాకముందే ఒక మూల మేత చల్లి ఉంచుతాడు. పెద్ద రొయ్యలు ముందుగా అక్కడికి చేరతాయి. వల అక్కడే విసరమంటాడు, చేతికి కొబ్బరిబోండాం ఇచ్చి మరీ. అందుకని మేము నాలుగు పక్కలా వల వేయిస్తాం. ఒక్క విసురుతో గుంట సంగతి తెలిసిపోయిందనుకునేవాడు ఈ పనికి పనికిరాడు.

పద్నాలుగేళ్లు ఇదే పని చేసేసరికి ఇంటికి వచ్చినా ఆ చూపు మారేది కాదు. పాలు పోసేవాణ్ణి, ఆటో అతణ్ణి, మా చర్చి సంఘంలో కొత్తగా చేరినవాళ్లను, అందరినీ రొయ్యను ఎండకు ఎత్తి చూసినట్టే చూసేవాణ్ణి. "నన్ను గూడా కౌంట్ చూసే తెచ్చుకున్నావా?" అని నా భార్య ఎగతాళి చేసేది. ఆమె చనిపోయి మూడేళ్లయింది. అప్పుడు మా అమ్మాయికి పదేళ్లు. అప్పటినుంచి మా అక్క సూళ్లూరుపేటలో మాతోనే ఉంటోంది.

మా వెనక వీధిలో ఒకావిడ ఉన్నారు. భర్త అంతరిక్ష కేంద్రంలో ఉద్యోగి. ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో చాపలు పరిచి, చుట్టుపక్కల పిల్లలకు కథల పుస్తకాలు ఇస్తారు. చదివి తెచ్చి ఇచ్చేయాలి, అంతే. ఒక్క రూపాయి తీసుకోరు. అదే నాకు మింగుడు పడలేదు. ఊరికే ఇచ్చేదాని వెనక ఏదో ఉంటుందనుకునేవాణ్ణి. బొట్టు పెట్టుకునే ఆవిడ మా సంఘం పిల్లలకు ఏం అలవాటు చేస్తుందోనని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. అప్పుడు అనుకోవడానికి సిగ్గనిపించలేదు.

అక్కడినుంచి మా అమ్మాయి ఒక లావుపాటి నవల తెచ్చుకుంది. ఏదో చలిదేశంలో పిల్లల కోసం రాసింది, తెలుగులోకి వచ్చింది. అట్ట మీద ఒక దీపస్తంభం, దాని అడుగునుంచి భూమిలోకి మెట్లు, మెట్ల మీద ఒక ఆడపిల్ల. మా అమ్మాయి దాన్ని మూడుసార్లు చదివింది. అన్నం ముందు పెట్టుకొని చదివింది. రైల్వే గేటు పడి స్కూటరు ఆపితే, వెనక కూర్చొని ఆ కాస్తసేపూ చదివింది.

"అంత ఏముండాది మే అందులో?" అని అడిగాను.

"చచ్చిపోయినోళ్ల గొంతులు దాచిపెట్టే చోటుకి ఒక పిల్ల పోతాది నాన్నా. వాళ్లమ్మ గొంతు కోసం."

నేను బండి తాళం తీసుకున్నాను.

"నువ్వు గూడా చదువు నాన్నా. నిజంగా, నీకు నచ్చుతాది."

"నాకు టైమేదీ?" అన్నాను.

ఆ మాట అబద్ధం. గుంటల మీద మా పనిలో సగం ఎదురుచూడటమే. ఐసు లారీ కోసం, కరెంటు కోసం, వల పట్టేవాళ్ల కోసం. ఆ పుస్తకం సినిమాగా వచ్చిందనీ, తెలుగు డబ్బింగు కూడా ఉందనీ మా లారీ డ్రైవరు చెబితే, అలా ఎదురుచూస్తూనే ఫోనులో చూశాను. అది కూడా పూర్తిగా కాదు. విసుగు పుట్టినచోటల్లా వేలితో ముందుకు తోసుకుంటూ పోయాను.

సినిమాలో ఆ మెట్ల కింద ఒక చీకటి గుహ. అందులో వేల సీసాలు, ప్రతి సీసా మూతికీ ఎర్ర దారం. వాటిని కాపలా కాసే మాంత్రికుడికి కొమ్ముల కిరీటం, ఉరుములాంటి గొంతు. ఆ పిల్ల వేలు కోసుకొని, సీసా మీద నెత్తురు చుక్క వేసి, అర్థంకాని భాషలో మంత్రం చదువుతుంది. దారం దానంతటదే తెగుతుంది. పొగలోంచి చచ్చిపోయిన తల్లి లేచి నిలబడుతుంది. నా పక్కన రొయ్యల గుంటలో నీళ్లు చిమ్ముతూ చక్రాలు తిరుగుతున్నాయి. మిట్టమధ్యాహ్నం. అయినా నాకు ఒళ్లు జలదరించింది.

ఆ వారంలోనే మా అమ్మాయి అలమరలో బడి పుస్తకాల వెనక సీసా కనబడింది. పాత ఊరగాయ సీసా. మూత బిగించి, దాని చుట్టూ ఎర్ర దారం ఎన్నో చుట్లు చుట్టి ముడివేసి ఉంది. లోపల మడతపెట్టిన చీటీలు, పైదాకా.

దాన్ని వంటింట్లోకి తెచ్చి అక్కకు చూపించాను. బిడ్డ ఇంకా బడినుంచి రాలేదు.

"తెరిచి చూడరాదూ? చీటీలే గదా," అంది అక్క.

"తెరవకూడదక్కా. తెరిస్తేనే బయటికొచ్చేది."

"ఏం వచ్చేది?"

"నేను సినిమాలో చూసినా."

"నీ మొహం. పోయినేడు నేను ఆవకాయ పెట్టిన సీసా అది."

అక్క మాట వినలేదు. సీసాను సంచిలో పెట్టుకొని పులికాట్ చెరువు మీదుగా పోయే రోడ్డెక్కాను. చెరువులో నీళ్లు నిండుగా ఉన్న నెల అది. నడిమధ్య స్కూటరు ఆపి, "యేసు రక్తమే జయం" అని మూడుసార్లు అని, బలం కొద్దీ విసిరేశాను. కొంతసేపు తేలింది. గాలికి అటు తిరిగి, ఇటు తిరిగి, ఎటో పోయింది. పెద్ద పని చేసినవాడిలా ఇంటికి వచ్చాను. పుస్తకాన్ని కూడా తీసి, ఆవిడకు తిరిగి ఇచ్చేద్దామని బండికి కట్టిన శాంపిల్ డబ్బాలో వేశాను.

అంతటితో ఊరుకుని ఉంటే అది మా ఇంటి సంగతిగానే ఉండిపోయేది. మా సంఘంలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పుకునే వేళ ఒకటుంటుంది. జ్వరం తగ్గినవాళ్లు, పరీక్ష పాసైనవాళ్లు లేచి, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెబుతారు. ఆ ఆదివారం నేను లేచాను. మా వీధుల్లో పిల్లలకు ఒక పుస్తకం ఇస్తున్నారనీ, చచ్చిపోయినవాళ్లను సీసాలో బంధించి మంత్రంతో లేపడమెలాగో అందులో ఉందనీ, నా బిడ్డ కూడా ఆ ఉచ్చులో పడబోతే దేవుడు నా కళ్లు తెరిపించాడనీ చెప్పాను. అందరూ "స్తోత్రం" అన్నారు. ఆడవాళ్ల వైపు చాప మీద మా అమ్మాయి తల వంచుకొని కూర్చుంది. చున్నీ అంచును వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు స్కూటరు వెనకనుంచి ఒకే ఒక ప్రశ్న వేసింది.

"నువ్వు ఆ పుస్తకం చదివినావా నాన్నా?"

"సినిమా చూసినా. రెండూ ఒకటే గదా."

ఇంటికి వెళ్లి అలమర తీసింది. బడి పుస్తకాలన్నీ కింద పెట్టింది. మళ్లీ వచ్చి నా ముందు నిలబడింది.

"నా సీసా ఏది?"

చెప్పాను. ఎక్కడ విసిరానో కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"అందులో అమ్మ మాటలు ఉండాయి నాన్నా," అంది.

ఏ తండ్రైనా అక్కడ ఆగి, ఏం మాటలమ్మా అని అడుగుతాడు. నేను అడగలేదు. సినిమాలో పిల్ల కూడా అచ్చం అదే మాట అంది, ఇదే సీసాలో మా అమ్మ గొంతు ఉందని. నా అనుమానం నిజమేనని తేలిపోయినట్టు అనిపించింది. "మోకరించు, ప్రార్థన చేద్దాం," అన్నాను. మోకరించింది. నేను చాలాసేపు ప్రార్థన చేశాను. అయ్యాక తను ఆమేన్ అనలేదు. ఆ రోజునుంచి నాతో అవసరమైనంత వరకే మాట్లాడింది. అన్నమయిందా అంటే అయింది. ఫీజు కట్టాలా అంటే కట్టాలి.

తర్వాతి ఆదివారం వెనక వీధి వరండాలో చాపలు సగం ఖాళీ అని అక్క చెప్పింది. మా సంఘం పిల్లలెవరూ వెళ్లలేదట.

పుస్తకం రెండు వారాలు నా డబ్బాలోనే ఉంది. తిరిగి ఇవ్వడానికి ఆవిడ ముఖం చూడాలి. అది వాయిదా వేస్తూ వచ్చాను. ఒక రోజు వాకాడు అవతల గుంట మీద నేనుంటే, ఐసు లారీ నాయుడుపేట దగ్గర చెడిపోయి ఆగిపోయింది. ఫోనులో చార్జింగు లేదు. మేత గోడౌను నీడలో కూర్చొని, డబ్బా తెరిచి పుస్తకం తీశాను. మంచి ఉద్దేశంతో కాదు. కౌంట్ రాసుకునే పెన్సిలు చేతిలో పట్టుకున్నాను. మంత్రం ఉన్నచోటల్లా గీత గీసి, ఆ పేజీలు ఆవిడకు చూపించి మరీ అడగాలని.

వంద పేజీలు అయ్యాయి. ఒక్క గీతా పడలేదు.

మెట్ల కింద గుహ లేదు, ఎర్ర దారాలు లేవు. ఉన్నది ఒక పొడవాటి గది. అలమరల్లో మట్టి జాడీలు, గుడ్డతో మూతలు. కాపలా కాసేది మాంత్రికుడు కాదు, ఒక చెవిటి ముసలమ్మ. చెవిటిదాన్ని ఎందుకు పెట్టారని పిల్ల అడిగితే, వినబడేవాళ్లెవరూ ఈ పనిలో నిలవలేకపోయారని రాసి చూపిస్తుంది. తమవాళ్ల గొంతు వింటూ అక్కడే కూర్చుండిపోయి, అన్నం నీళ్లు మానేశారట. ముసలమ్మ మాత్రం రోజూ జాడీల మీద దుమ్ము తుడుస్తుంది, పక్క గదికి వెళ్లి గంజి కాచుకుంటుంది. సినిమావాళ్లకు ఈవిడతో ఏం చెయ్యాలో తోచినట్టు లేదు. గంజి కాచే ముసలమ్మను చూస్తూ పిల్లలు కూర్చుంటారన్న నమ్మకం లేక కొమ్ములు పెట్టారు.

వేలు కోసుకోవడమూ లేదు. తల్లి జాడీ తెరవాలంటే పిల్ల ఒక నిజం చెప్పాలి, ఇంతవరకు ఎవరికీ చెప్పనిది. తల్లి చనిపోయిన రోజు పొద్దున ఆమె పిలిస్తే, విని కూడా విననట్టు నటించానని చెబుతుంది. ముసలమ్మకు ఎలాగూ వినబడదు. అయినా చెప్పడానికి ఆ పిల్లకు ఏడు పేజీలు పట్టింది. ఆ ఏడు పేజీలు దాటడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎందుకో తర్వాత చెబుతాను.

జాడీ తెరిచాక తల్లి గొంతు ఏదో గొప్ప సందేశం ఇస్తుందని పిల్ల ఊపిరి బిగబట్టుకుంటుంది. సినిమాలో అయితే తెల్ల బట్టల్లో తల్లి, వెనక వయొలిన్లు, "నువ్వే వెలుగువి బిడ్డా" అన్న డైలాగు. పుస్తకంలో జాడీలోంచి వచ్చే మాట ఒక్కటే: "తలుపు వేసి రా, గాలికి దీపం ఆరిపోతుంది." అంతే. పిల్ల నవ్వుతుంది, ఆపుకోలేక. జాడీని అక్కడే పెట్టేసి మెట్లెక్కుతుంది. పైకి తెస్తే గొంతు ఉండదు.

ఇంత చదివినా నేను మారలేదు. మంత్రం ఉన్న పేజీలు ఎవరో చించేశారన్న అనుమానం వచ్చింది. పుస్తకం మొదటికి తిప్పి పేజీల నంబర్లు చూసుకుంటూ వచ్చాను. ఒకటి కూడా తగ్గలేదు. గుంట రైతు నన్ను దూరంనుంచి చూస్తూ, "అన్నా, అది గూడా కౌంట్ వేస్తావా?" అన్నాడు.

అప్పుడు చివరి అధ్యాయం చదివాను. పిల్ల ఖాళీ చేతులతో ఇంటికి వస్తుంది. వంటింట్లో ఒక ఖాళీ జాడీ తీసుకుంటుంది. తల్లి రోజూ అనే మాటల్లో గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చీటీల మీద రాసి అందులో వేస్తుంది, మరిచిపోకముందే. పుస్తకం అక్కడ అయిపోతుంది. సినిమాలో ఈ అధ్యాయమే లేదు. తల్లి బతికి వచ్చేశాక ఇక చీటీలతో పనేముంది?

పుస్తకం మూసి డబ్బాలో పెట్టబోతే అడుగున దారం ఉండ కనబడింది. శాంపిల్ కవర్ల మూతికి కట్టే ఎర్ర నైలాను దారం. ఆ నెల అది తొందరగా తరిగిపోయిందని లోడింగ్ వాళ్లను అనుమానించాను కూడా. రోజూ నా చేతుల్లో నలిగే దారమే, సీసా మూతికి చూసి గుర్తుపట్టలేకపోయాను. మంత్రం ఆ పుస్తకంలో లేదు, మా అమ్మాయి దగ్గర లేదు. ప్రార్థనను మంత్రంలా వాడినవాణ్ణి నేనొక్కణ్ణే.

సాయంత్రం పొద్దు ఉండగానే చెరువు రోడ్డుకు వెళ్లాను. గట్టు పక్కన ఒకతను పడవలో వల సర్దుకుంటున్నాడు. ఇక్కడేమైనా సీసా దొరికిందా అని అడిగాను.

"సీసాలు దినానికి పది దొరకతాయి. మందు సీసానా?"

"కాదన్నా. ఆవకాయ సీసా."

"ఆవకాయ ఉండాదా లోపల?"

"లేదు. చీటీలు."

అతను వల వదిలేసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. "ఏం చీటీలు? యాడోడివి నువ్వు?" అన్నాడు. నేను బండి తీశాను. మర్నాడు, ఆ మర్నాడు కూడా వెళ్లాను. దొరకలేదు.

పుస్తకం పట్టుకొని వెనక వీధికి వెళితే ఆవిడ గేటు దగ్గరే ఆపారు. కూర్చోమనలేదు.

"నేను తప్పు మాట్లాడినానమ్మా. పుస్తకం చదవకుండా మాట్లాడినా."

"ఇప్పుడు చదివారా?"

"చదివినా."

"మొత్తమా? సినిమా చూసినట్టు కాదు గదా?"

"మొత్తం. పేజీలు గూడా లెక్కపెట్టినా."

ఆవిడకు నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నారు. పుస్తకం అయిపోయాక పిల్లలందరూ తలా ఒక సీసా చేసుకున్నారనీ, తాతవో నాయనమ్మవో మాటలు రాసుకున్నారనీ చెప్పారు. "మీ పాపది అందరికన్నా పెద్ద సీసా. రాసింది మాకు ఎవరికీ చూపించలేదు. మూత ఊడకుండా ఏదో గట్టి దారం తెచ్చి కట్టుకుంది," అన్నారు. తర్వాత, "నాకు చెప్పారు, బాగానే ఉంది. అక్కడ అందరి ముందర అన్నారు గదా. అక్కడ?" అని అడిగారు.

మా సంఘం పాస్టరు అయ్యగారికి ముందే చెప్పాను, ఆదివారం లేచి నా సాక్ష్యాన్ని వెనక్కి తీసుకుంటానని. ఆయన ఇబ్బందిగా కదిలారు. "సాక్ష్యమంటే దేవుని మేలు చెప్పేది. దీన్ని ఎట్ల చెప్తావు?" అన్నారు. కాసేపు ఆలోచించి, "చెప్పు. చిన్నగా చెప్పు," అన్నారు.

చిన్నగా చెప్పడం నాకు చేతకాలేదు. సినిమాలో ఉన్నది పుస్తకంలో ఉందని అబద్ధం చెప్పానన్నాను. నా బిడ్డ చేసింది మంత్రం కాదన్నాను. వాళ్లమ్మ మాటలు మరిచిపోకూడదని రాసుకుంటే, తెరిచి కూడా చూడకుండా నీళ్లలో పారేశానన్నాను. అలవాటుకొద్దీ వెనకనుంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. ఇంకెవరూ గొంతు కలపలేదు. మధ్యాహ్నం వరండాకు మా సంఘం పిల్లలు నలుగురు వెళ్లారు. మిగతావాళ్లు ఇంతవరకు వెళ్లలేదు. ఒకసారి నేను విత్తిన అనుమానం నా మాటతోనే తిరిగి రాదు.

ఆ సాయంత్రం మా అమ్మాయితో, "మళ్లీ రాయి, నేను గూడా గుర్తు చేస్తా," అన్నాను.

"నీకేం గుర్తుండాయి?" అంది. కోపంతో కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

రెండు రోజులు కూర్చున్నాను. పన్నెండేళ్లు కాపురం చేసిన మనిషి మాటలు ఏడు చీటీలకు మించి రాలేదు. ఆమె మాట్లాడుతున్నప్పుడు నేను వినలేదన్నమాట. రాసిన ఏడింటిలో రెండు నేను కల్పించినవి. బిడ్డకు ఊరటగా ఉంటుందని రాశాను. ఒకటి మాత్రం రాయాలా వద్దా అని చాలాసేపు పట్టుకొని కూర్చున్నాను. చివరికి రాశాను.

మా అమ్మాయి ఏడు చీటీలనూ మంచం మీద వరసగా పరిచింది. ఒక్కొక్కటీ ఎత్తి చదివింది. "చేతులు కడుక్కొని రా, రొయ్యల కంపు" అన్నదాన్ని పక్కన పెట్టుకుంది. కౌంట్ ఎగతాళి చదివి, నవ్వకుండానే, అది కూడా ఉంచుకుంది. ఇంకో రెండిటినీ వాటితో కలిపింది. "బిడ్డను బాగా చదివించు", "నేను లేకపోయినా ధైర్యంగా ఉండండి" అన్న రెండిటినీ నా వైపు తోసేసింది.

"ఇవి సినిమాలో అమ్మ మాటలు. అమ్మ ఇట్ల అనదు," అంది.

చివరి చీటీ మీద "ఫోన్ ఎత్తవేంది?" అని ఉంది. ఆమెను ఆస్పత్రికి తీసుకువెళ్లిన రోజు నేను గుంట మీద రొయ్యల పట్టుబడిలో ఉన్నాను. ఫోను మోగడం విన్నాను. సరుకు తూకం మధ్యలో ఎందుకులే అనుకున్నాను. తర్వాత నేను చేసినప్పుడు ఆమె అన్నది ఆ ఒక్క మాటే. ఆ తర్వాత ఫోను మా అక్క తీసుకుంది; ఆమె గొంతు నేను మళ్లీ వినలేదు. ఇది ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. నా బిడ్డ ఆమెను పిలుస్తోందని అనుకున్నప్పుడు నేను భయపడింది దయ్యానికి కాదు. వస్తే ఈ మాటే మళ్లీ అడుగుతుందని.

ఆ చీటీని మా అమ్మాయి చాలాసేపు చూసింది.

"నేను పక్కనే ఉండా అప్పుడు," అంది. "అమ్మ ఇట్లనే అనింది."

దాన్ని మడిచి సీసాలో వేసింది. అది వేరే సీసా, అక్క ఇచ్చింది. తను మళ్లీ రాసుకున్నవి అప్పటికే అందులో ఉన్నాయి, మొదటి సీసాలో ఉన్నంత లేవు. ఆ తర్వాత బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఎక్కడ పెడుతుందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు, వెతకలేదు.